కెరటం కరెంటు ఇస్తుందా?

విళింజంలో జరిగిందేమిటి? సిక్కోలు తీరానికి పనికివచ్చేది ఎంత?

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం వరకు మన జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉన్నది. రాష్ట్రంలో మరే జిల్లాకూ ఇంత పొడుగు తీరం లేదు. ఈ తీరమంతటా రాత్రనక పగలనక కెరటాలు వచ్చి ఒడ్డును కొడుతూనే ఉంటాయి. వాటికి ఆదివారం లేదు, పండుగ లేదు. ఏటికి అడ్డం కట్టి కరెంటు తీస్తున్నాము. గాలిమరలు పెట్టి తీస్తున్నాము. ఎండ నుంచి తీస్తున్నాము. మరి కెరటం బలం ఎందుకు వృథా పోవాలి? తీరాన నిలబడి చూసిన ఎవరికైనా తోచే ప్రశ్నే ఇది.

ఈ ప్రశ్నకు మన దేశం ఒకసారి గట్టిగానే జవాబు వెదికింది. కేరళలో తిరువనంతపురానికి దగ్గరగా ఉన్న విళింజం చేపల రేవు వద్ద 1991లో కెరటాలతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కేంద్రం పనిచేసింది. చివరకు మూతపడింది కూడా. ఎలా పనిచేసిందో, ఎందుకు నిలవలేదో తెలుసుకుంటే మన తీరం సంగతి మనమే తేల్చుకోవచ్చు.

కెరటంలో బలమెంత?

కెరటం వస్తున్నదంటే నీరంతా నడిచి వస్తున్నదని అనుకుంటాము. నిజానికి నడి సముద్రంలో తేలుతున్న కొబ్బరికాయను గమనిస్తే కెరటం వచ్చినప్పుడు పైకి లేస్తుంది, అది దాటిపోగానే కిందికి దిగుతుంది, దాదాపు ఉన్నచోటనే ఉండిపోతుంది. ముందుకు సాగేది బలం మాత్రమే. ఎక్కడో దూరాన సముద్రం మీద వీచిన గాలి తన బలంలో కొంత నీటికి అప్పగిస్తుంది. వందల కిలోమీటర్లు ప్రయాణించి ఆ బలమే మన ఒడ్డున విరుగుతున్నది.

శాస్త్రజ్ఞులు దీనికి లెక్క కట్టారు. మీటరు ఎత్తున, ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే కెరటాలలో, తీరం పొడుగున ప్రతి మీటరుకు సుమారు నాలుగు కిలోవాట్ల బలం ఉంటుంది. పొలంలో తిరిగే అయిదు హార్స్‌పవర్ మోటారుకు కావలసిన బలం కూడా ఇంచుమించు అంతే.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. కెరటం ఎత్తు రెట్టింపయితే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. ఎత్తు మూడింతలయితే బలం తొమ్మిదింతలవుతుంది. అంటే మాఘమాసపు మెత్తని సముద్రంలో దొరికే కరెంటుకూ, శ్రావణ మాసపు పోటు సముద్రంలో దొరికే కరెంటుకూ పొంతన ఉండదు. తుఫాను రోజున వచ్చే బలాన్ని యంత్రం తట్టుకోవడమే కష్టం. కెరటాల కరెంటుకు ఉన్న ఆశ, అడ్డంకి రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి.

ఒడ్డుకు దగ్గరగా ఎందుకు?

బలం ఎక్కువగా ఉండేది లోతు సముద్రంలోనే. ఒడ్డుకు వచ్చేకొద్దీ కెరటానికి నేల తగులుతుంది. ఎనిమిది సెకన్ల కెరటానికి యాభై మీటర్ల లోతు నుంచే అడుగు తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి దాని వేగం తగ్గుతుంది, నేల రాపిడికి కొంత బలం పోతుంది. నీటి లోతు కెరటం ఎత్తుకు ఒకటింబావు రెట్ల దాకా తగ్గేసరికి కెరటం తూలి విరుగుతుంది. నురగ కట్టి విరిగే ఆ చోటును దాటి పడవను లోపలికి తోయడం ఎంత కష్టమో మన మత్స్యకారులకు చెప్పనక్కరలేదు.

అయినా ఇంజనీర్లు తక్కువ లోతు వైపు మొగ్గడానికి కారణాలున్నాయి. మొదటిది ఖర్చు. నడి సముద్రంలో యంత్రం పెడితే కరెంటు తీగను సముద్రపు అడుగున కిలోమీటర్ల కొద్దీ పరవాలి. మరమ్మతు వస్తే సముద్రం శాంతించేదాకా ఆగి, పెద్ద పడవ మీద పోవాలి. ఒడ్డు దగ్గరయితే మెకానిక్ నడిచి పోయి చూసి రావచ్చు. రెండవది రక్షణ. పది మీటర్ల లోతున ఎనిమిది మీటర్లకు మించిన కెరటం నిలబడలేదు, ముందే విరిగిపోతుంది. అంటే అన్నిటికంటె పెద్ద కెరటాలను నేల తానే కోసివేస్తుంది. అయితే తుఫాను ఉప్పెనలో నీటిమట్టమే పైకి లేస్తుంది కనుక ఆ పూట కాపుదల కొంత తగ్గుతుందని మరువరాదు.

కమ్మరి తిత్తి కిటుకు

కెరటాన్ని పట్టడానికి ప్రపంచంలో ఎన్నో యంత్రాలు వచ్చాయి. వాటిలో ఒడ్డు దగ్గర ఎక్కువ కాలం నిలిచినది చాలా సాదా పద్ధతి. మన కమ్మరి కొలిమిలో తిత్తిని తలచుకుంటే అది ఇట్టే అర్థమవుతుంది.

సముద్రంలో కాంక్రీటు గది ఒకటి కడతారు. దాని ముందు గోడకు నీటి మట్టం కిందుగా నోరు ఉంటుంది. కెరటం వచ్చినప్పుడు ఆ నోటి గుండా నీరు దూరి గదిలో మట్టం పైకి లేస్తుంది. పైనున్న గాలి ఇరుకునపడి గది కప్పులో ఉన్న రంధ్రం గుండా బుస్సున బయటకు పోతుంది. కెరటం వెనక్కి తగ్గినప్పుడు నీరు దిగుతుంది, బయటి గాలి అదే రంధ్రం గుండా లోపలికి వస్తుంది. కమ్మరి తిత్తిని చేతితో ఊదుతాడు, ఇక్కడ సముద్రం ఊదుతుంది. ఆ రంధ్రంలో టర్బైన్ పెడితే గాలికి తిరుగుతుంది. దానికి జనరేటరు తగిలిస్తే కరెంటు వస్తుంది. ఉప్పునీరు యంత్రాన్ని నేరుగా తాకదు. ఈ పద్ధతికి అదే పెద్ద సుగుణం.

ఒక చిక్కు మాత్రం ఉన్నది. గాలి ఒకసారి బయటకు, ఒకసారి లోపలికి పోతే టర్బైన్ కూడా కవ్వంలా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరగాలి గదా? అలా అయితే కరెంటు సరిగా రాదు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలన్ వెల్స్ అనే ఆచార్యుడు 1970ల చివర దీనికి విరుగుడు కనిపెట్టారు. రెక్క రెండు ముఖాలూ ఒకే వంపుతో ఉండేలా చేయడంతో, గాలి ఎటు వీచినా టర్బైన్ ఒకే వైపుకు తిరుగుతుంది. ఆయన పేరుతోనే దానిని వెల్స్ టర్బైన్ అంటున్నారు.

అంతకు ముందే జపాన్‌కు చెందిన యోషియో మసుడా ఇదే తిత్తి కిటుకుతో సముద్రంలో ఓడలకు దారి చూపే దీపపు బోయాలను వెలిగించి చూపారు.

విళింజంలో జరిగింది

మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు 1980ల తొలినాళ్లలో ఈ పరిశోధన మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వపు సముద్రాభివృద్ధి శాఖ డబ్బు ఇచ్చింది. దక్షిణ కేరళ తీరంలో కెరటాల బలం ఏడాది సగటున మీటరుకు సుమారు 13 కిలోవాట్లుగా, నైరుతి రుతుపవనాల కాలంలో 20 కిలోవాట్లుగా తేలడంతో విళింజాన్ని ఎన్నుకున్నారు. అక్కడ అప్పటికే చేపల రేవుకు రక్షణగా రాళ్ల గోడ ఉన్నది. కెరటాలను ఆపడానికి సముద్రంలోకి కట్టే ఇటువంటి గోడనే బ్రేక్‌వాటర్ అంటారు.

సుమారు 3,000 టన్నుల బరువు గల కాంక్రీటు గదిని కట్టి, సముద్రం మీద తేలించి తెచ్చి, 1990 డిసెంబరులో దాదాపు పది మీటర్ల లోతున నేల మీద కూర్చోబెట్టారు. రాళ్ల గోడకూ దానికీ మధ్య ఉన్న సుమారు 45 మీటర్ల ఎడానికి ఉక్కు వంతెన వేశారు. గది పైన రెండు మీటర్ల వ్యాసం గల వెల్స్ టర్బైన్‌ను, 150 కిలోవాట్ల జనరేటరును అమర్చారు. 1991 అక్టోబరులో అది పని ప్రారంభించి, కేరళ విద్యుత్ లైన్లకు కరెంటు ఇచ్చింది. 150 కిలోవాట్లంటే రెండు వందల హార్స్‌పవర్, అనగా నలభై పొలం మోటార్లకు సరిపడే సామర్థ్యం.

అయితే సామర్థ్యం వేరు, చేతికి వచ్చేది వేరు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సగటున 75 కిలోవాట్లు, డిసెంబరు నుంచి మార్చి దాకా సగటున 25 కిలోవాట్లు మాత్రమే లెక్కకు వచ్చాయి. కెరటాలు మందగించిన వేళల్లో చిత్రమైన ఇబ్బంది కూడా ఎదురయింది. జనరేటరు కరెంటు ఇవ్వడానికి బదులు లైన్ల నుంచి తానే కరెంటు తీసుకుని మోటారులా తిరిగేది. ఆవు పాలివ్వకపోగా మన కుండలోని పాలు తాగినట్లన్నమాట. 1996లో టర్బైన్, జనరేటరు ఏర్పాటును మార్చి, మెరుగుపరచారు.

తరువాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టారు. కరెంటును లైన్లకు పంపే బదులు అక్కడికక్కడే వాడుకుంటే ఎలా ఉంటుందని ఆలోచించి, 2004 ప్రాంతంలో ఆ కేంద్రానికి ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాన్ని జతచేశారు. దాని సామర్థ్యం రోజుకు 10,000 లీటర్లు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు పది లీటర్లు చొప్పున లెక్క వేసినా అది వెయ్యి మందికి సరిపోతుంది. కెరటం హెచ్చినా తగ్గినా తొట్టెలో నీరు చేరుతూనే ఉంటుంది కనుక, కరెంటులోని ఒడుదుడుకులు ఇక్కడ అంతగా బాధించవు.

పరిశోధన కోసం కట్టిన ఆ కేంద్రం 2011లో మూతపడింది. అటువంటిది మరొకటి దేశంలో కట్టలేదు. ఇప్పుడు విళింజం అంటే 2025 మే నెలలో ప్రారంభమయిన భారీ కంటైనర్ ఓడరేవే అందరికీ గుర్తుకు వస్తున్నది.

సముద్రం పెట్టిన పరీక్ష

ఇతర దేశాల అనుభవం చూసినా సముద్రం ముందు నెగ్గినవి తక్కువ. నార్వే తీరంలో కొండ అంచున 1985లో నిలిపిన 500 కిలోవాట్ల కేంద్రాన్ని 1988 డిసెంబరు తుఫాను ఊడ్చివేసింది. స్కాట్లండ్ తీరంలో ఒడ్డుకు దగ్గరగా 1995 ఆగస్టులో దింపిన ఆస్‌ప్రే అనే యంత్రం, ఇంకా సరిగా కూర్చోక ముందే కెరటాల దెబ్బకు పాడయింది. అదే దేశంలో ఆర్క్‌నీ దీవుల దగ్గర 2009లో తక్కువ లోతు నీటిలో ఆయిస్టర్ అనే యంత్రాన్ని పరీక్షించారు. సముద్రపు నేలకు బందు వేసి నిలిపిన పెద్ద తలుపు అది. కెరటానికి ముందుకూ వెనక్కూ ఊగుతూ నీటిని గొట్టాల ద్వారా ఒడ్డుకు తోసేది. యంత్రం పనిచేసినా, పెట్టుబడి దొరకక ఆ కంపెనీ 2015లో చేతులెత్తేసింది.

నిలిచిన వాటిలో చెప్పుకోదగ్గది స్పెయిన్ దేశపు ముత్రికు. అదొక చిన్న రేవు పట్టణం. తమ రేవును కెరటాల నుంచి కాపాడుకోవడానికి వారికి ఎలాగూ గోడ కావలసి వచ్చింది. ఆ గోడలోనే పదహారు గదులు వదిలి, ఒక్కొక్కదానిలో చిన్న టర్బైన్ పెట్టారు. మొత్తం సామర్థ్యం 296 కిలోవాట్లు. 2011లో మొదలయిన ఆ కేంద్రం ఏళ్ల తరబడి కరెంటు ఇస్తూ వచ్చింది. కరెంటు కోసమే సముద్రంలో కట్టడం కడితే ఖర్చు గిట్టదు. రేవు కోసం కట్టే గోడలోనే అమరిస్తే కట్టడం ఖర్చులో చాలా భాగం రేవు పద్దులోకి పోతుంది. ముత్రికు తెలివి ఇక్కడే ఉన్నది.

మన తీరం లెక్క

ఇక మన సంగతికి వద్దాము. ఐర్లండ్, స్కాట్లండ్‌ల పడమటి తీరాలలో కెరటాల బలం ఏడాది సగటున మీటరుకు 40 కిలోవాట్లకు పైబడి ఉంటుంది. విళింజంలో 13. మన బంగాళాఖాతపు ఒడ్డున అంతకంటె తక్కువే. మామూలు రోజుల్లో మన కెరటం మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, నైరుతి కాలంలో రెండు మీటర్ల దాకా లేస్తుంది. ఆ తరువాత వచ్చేది తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఏమి చేసిందో చూసినవారికి, సముద్రంలో నిలిచే యంత్రానికి ఎటువంటి పరీక్ష ఎదురవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిలో అధిక భాగం మెత్తని కెరటం, ఒక్క పూట మాత్రం భయంకరమైన కెరటం. కట్టడమేమో ఆ ఒక్క పూటకు తగినంత గట్టిగా కట్టాలి, ఆదాయమేమో మిగిలిన రోజుల మెత్తని కెరటం నుంచి రావాలి. ఇదీ మన ఇబ్బంది.

దేశం మొత్తం తీరంలో కెరటాల నుంచి సుమారు 40,000 మెగావాట్లు రాగలవని ప్రాథమిక అంచనా ఉన్నది. అది కాగితం మీది లెక్క. కేంద్ర ప్రభుత్వం 2019లో సముద్ర శక్తిని కూడా తరగని ఇంధన వనరుల జాబితాలో చేర్చింది. మద్రాసు ఐ.ఐ.టి. వారు 2022 నవంబరులో తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, ఇరవై మీటర్ల లోతున సింధుజ-1 అనే తేలే యంత్రాన్ని పరీక్షించారు. ప్రయత్నాలు ఆగలేదు. కానీ ఎండ నుంచి తీసే కరెంటు ఎంతో చౌకయిన ఈ రోజుల్లో, ఇళ్ల దీపాల కోసం కెరటాలను ఆశ్రయించాలని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

మరి మనకు పనికివచ్చేది ఏమీ లేదా? ఉన్నది. మన జిల్లా మత్స్యకారుల అసలు కొరత కరెంటు కాదు, రేవు. పడవ కట్టుకునే చోటు లేక, పెద్ద పడవలు నిలిచే జెట్టీ లేక, వేలాది మంది గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి అక్కడి మరపడవల మీద కూలికి పనిచేస్తున్నారు. అలా వెళ్లిన మనవారు 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైలులో మగ్గిన సంగతి జిల్లా మరచిపోలేదు. మన తీరాన రేవులు కట్టాలన్న కోరిక ఏనాటిదో. మూలపేటలో 2023లో ఓడరేవు పనులు మొదలయ్యాయి. బుడగట్లపాలెంలో చేపల రేవు ప్రతిపాదన ఉన్నది. రేవు అంటే గోడ ఉండవలసిందే. గోడ ఎలాగూ కట్టే చోట ముత్రికు పద్ధతి పనికివస్తుందేమో చూడవచ్చు.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాము. వంద మీటర్ల గోడను తాకే కెరటాలలో మీటరుకు అయిదు కిలోవాట్ల చొప్పున 500 కిలోవాట్ల బలం ఉన్నదనుకుందాము. అందులో పదోవంతే చేతికి వచ్చిందనుకున్నా 50 కిలోవాట్లు, అంటే రోజుకు 1,200 యూనిట్లు. టన్ను ఐసుకు సుమారు 70 యూనిట్లు పడుతుంది. అంటే రోజుకు పదిహేడు టన్నుల ఐసు. వలసపోకుండా ఇంటి ముందే వేట చేసుకునేవారికి ఐసు ఎంత అవసరమో తెలిసిందే. ఐసు లేని రేవులో చేప, దళారి చెప్పిన ధరకే పోతుంది. ఐసు వద్దనుకుంటే మంచినీరు తీయవచ్చు. ఉద్దానం మంచినీటి కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఎవరికి తెలియదు? ఐసు గానీ, నీరు గానీ నిలవ ఉంచుకోగల సరుకు. కెరటం తగ్గిన రోజున కంగారు ఉండదు. విళింజంలో మంచినీటి యంత్రం చూపినది ఇదే.

ఇసుక సంగతి మరువరాదు

గోడ వల్ల లాభం ఉన్నట్లే నష్టమూ ఉన్నది. మన తీరాన ఏడాదిలో అధిక భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. సముద్రంలోకి గోడ కడితే దాని దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతపడుతుంది. చెన్నైలో రేవు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా బీచి వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరాన్ని సముద్రం తినివేసింది. విశాఖలోనూ రేవుకు ఉత్తరాన ఉన్న బీచికి ఇసుక తెచ్చి పోయవలసి వస్తున్నది. 2022లో విళింజం మత్స్యకారులే కొత్త ఓడరేవు గోడ వల్ల తమ ఇళ్లు సముద్రం పాలవుతున్నాయంటూ నెలల తరబడి ఆందోళన చేశారు. కోతకు తమ గోడ కారణం కాదని నిర్వాహకులు వాదించారు. తగవు ఎటు తేలినా, ఇళ్లు పోయినవారికి ఇళ్లు పోయినట్లే.

కెరటాల యంత్రాలకూ ఈ మాట వర్తిస్తుంది. కెరటం బలాన్ని ఒకచోట లాగేస్తే దాని వెనుక నీరు నెమ్మదిస్తుంది, అక్కడ ఇసుక నిలుస్తుంది. కోతపడే ఊరికి ఇది మేలు కావచ్చు, పక్క ఊరికి కీడు కావచ్చు. పైగా యంత్రం ఉన్నచోట వల వేయనివ్వరు, పడవను దగ్గరకు రానివ్వరు. ఒడ్డు దగ్గర వేటాడే చిన్న పడవలవారికే ఆ నష్టం ముందుగా తగులుతుంది.

ముందే అడగవలసినవి

కనుక తీరాన గోడ కట్టడానికి గానీ, యంత్రం పెట్టడానికి గానీ ఎవరు వచ్చినా గ్రామస్థులు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏడాది పొడుగునా ఇక్కడి కెరటాలను, ఇసుక కదలికను కొలిచారా? గోడకు ఉత్తరాన ఉన్న ఊళ్ల గతి ఏమిటి? అక్కడ కోతపడితే ఇసుక ఎవరు తెచ్చి పోస్తారు? దానికి డబ్బు ముందే కేటాయించారా? వేట మానుకోవలసిన నీరు ఎంత, ఎన్ని పడవలకు నష్టం, పరిహారం ఎంత? వచ్చే కరెంటు, ఐసు, నీరు ఊరికి ఎంత, బయటకు ఎంత? తుఫానుకు యంత్రం చెడితే బాగుచేసేది ఎవరు? పనికిరాకపోతే సముద్రంలోంచి తీసివేసేది ఎవరు?

పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద ఓడరేవులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని నిబంధన ఉన్నది. ఆ సభలో ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోవడం గ్రామస్థుల హక్కు. కెరటాల బలం రేవుకు ఐసు, ఊరికి మంచినీరు ఇవ్వగలిగితే సంతోషమే. అయితే దక్షిణాన ఒక ఊరికి ఐసు ఇచ్చి, ఉత్తరాన మరొక ఊరి ఇళ్లు తీసుకునే గోడ మనకు అక్కరలేదు. ఈ లెక్క సముద్రంలో మొదటి రాయి పడకముందే తేలాలి.